సంతలో మాట, సభలో మాట: కాంటనీస్‌లో ఏ పదం ఎక్కడ

హాంకాంగ్‌లో ఒకట్రెండేళ్లు ఉండి కాంటనీస్ పట్టుకున్న మనవాళ్లు చాలామంది ఒకే మెట్టు మీద ఆగిపోతారు. షామ్ షుయి పో సంతలో బేరమాడగలరు. టాక్సీ డ్రైవరుకు దారి చెప్పగలరు. ఛా ఛాన్ థెంగ్ అనే వీధి హోటల్లో కూర్చుని పాల టీ, బన్ను అడిగి తెప్పించుకోగలరు. ఆ మనిషే ఆఫీసు మీటింగులో నోరు విప్పాల్సి వస్తే ఇంగ్లీషులోకి జారుకుంటాడు. రాత్రి టీవీ వార్తలు పెడితే తెలిసిన భాషలాగే వినిపిస్తుంది గానీ సగం మాటలు అందవు. బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరాన్ని పక్కింటివాళ్లు పైకి చదివి వినిపించినా అంతే. వాళ్లు పలికేది కాంటనీసే, కానీ అందులో రోజూ వినే మాటలు చాలా తక్కువ.

అక్కడితో ఆగిపోకూడదు. ఉద్యోగంలో ఎదగాలన్నా, పిల్లల బడిలో టీచరుతో మాట్లాడాలన్నా, ఆస్పత్రి కాగితం అర్థం చేసుకోవాలన్నా, ఒక పెద్దాయన పోయినప్పుడు ఆ ఇంటివాళ్లను పలకరించాలన్నా సంత కాంటనీస్ చాలదు. ఈ అధ్యాయం ఆ పై మెట్టు గురించి. మర్యాద పదాలు ఎలా నేర్చుకోవాలో కొంత చెబుతాను. ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో దానికంటే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు దెబ్బతినేది అక్కడే.

ముందుగా ఇక్కడి రాత గురించి ఒక సంగతి. కాంటనీస్ శబ్దాలకు మన లిపి చాలావరకు బాగా సరిపోతుంది. 1993లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం తయారుచేసిన జ్యుత్‌పింగ్ అనే రోమన్ పద్ధతిలో ‘జీ’ అక్షరంతో రాసేది నిజానికి మన క, ‘కే’ అక్షరంతో రాసేది మన ఖ. అలాగే త, థ, చ, ఛ. ఒత్తు పలికే అలవాటున్న తెలుగువాడికి ఇది వరం. ఇక్కడ ఫ అని రాస్తే ‘ఆఫీసు’లో పలికే ఫ అనుకోండి. మాట చివరి ప్, త్, క్‌లను నోట్లోనే ఆపేయాలి, బయటికి వదలకూడదు. ఒక్క లోటు ఉంది. కాంటనీస్‌లో ఆరు స్వరాలున్నాయి, తెలుగు అక్షరం వాటిని చూపలేదు. కాబట్టి ఇక్కడ చదివిన ప్రతి మాటనూ నిఘంటువులో ఒకసారి చెవితో వినండి.

ఇక అసలు విషయం. కాంటనీస్ మాట్లాడేవాళ్లు తమ భాషను రెండు పేర్లతో చెబుతారు. హవ్ యూ అంటే నోటి భాష, ష్యూ మిన్ యూ అంటే రాత భాష. రాత భాష అంటే ప్రామాణిక చైనీసు. దాని వ్యాకరణం మాండరిన్‌కు దగ్గర. హాంకాంగ్ పిల్లలు బడిలో రాసేది అదే, పైకి చదివేదీ అదే. కాకపోతే ప్రతి అక్షరాన్నీ కాంటనీస్ ఉచ్చారణతో చదువుతారు. ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడేటప్పుడు ఆ వాక్యాలేవీ రావు.

ఈ ఏర్పాటుకు చట్టం కూడా తోడైంది. 1974 వరకు హాంకాంగ్‌లో అధికార భాష ఇంగ్లీషు ఒక్కటే. ఆ ఏడాది వచ్చిన అధికార భాషల చట్టం చైనీసుకూ ఆ హోదా ఇచ్చింది. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లాక అమల్లోకి వచ్చిన మౌలిక చట్టం కూడా ‘చైనీసు’ అనే అన్నది, ఏ చైనీసో చెప్పలేదు. ఆచరణలో నోటికి కాంటనీసు, కాగితానికి ప్రామాణిక చైనీసు స్థిరపడ్డాయి. లియోంగ్ మన్ సామ్ యూ అని అక్కడి ప్రభుత్వం చెప్పే విధానం ఇదే: రాతలో రెండు భాషలు, నోట మూడు. ఆ మూడు కాంటనీసు, మాండరిను, ఇంగ్లీషు. ఎంటీఆర్ రైలెక్కితే మూడింటిలోనూ ప్రకటనలు వినిపిస్తాయి.

నోటి భాష, రాత భాష అని రెండే ఉన్నాయనుకుంటే అక్కడే పొరపాటు మొదలవుతుంది. రాత భాష గౌరవమైనది కదా అని నేర్చుకునేవాడు దాన్ని తెచ్చి నోట పెట్టుకుంటాడు. కాంటనీస్‌లో ‘అతను’ అనడానికి అందరూ ఖోయ్ అంటారు, పుస్తకంలో థా అని ఉంటుంది. ‘కాదు, వద్దు’ అనే అర్థానికి నోట మ్, రాతలో పత్. ‘అవును, అది’ అనడానికి నోట హై, రాతలో సీ. షష్ఠీ విభక్తిలాంటి ప్రత్యయం నోట కె, రాతలో తిక్. ఇవన్నీ మార్చేసి మీటింగులో మాట్లాడితే మర్యాదగా ఉంటుందని అనుకుంటాడు. వినేవాళ్లకు మాత్రం ఎవరో ఆఫీసులో నిలబడి ‘నేను భోజనము చేసితిని, ఇక పని ప్రారంభించెదను’ అన్నట్టు ఉంటుంది.

అసలైన మర్యాద కాంటనీస్ ఈ రెండింటి మధ్య ఉంది. వార్తలు చదివేవాళ్లు, శాసనసభలో మాట్లాడేవాళ్లు, లాయర్లు, ఆస్పత్రి అధికారులు వాడేది ఆ మధ్య పొరే. దాన్ని ఒక్క వాక్యంతో చూపిస్తాను. ‘అతను నిన్న మీటింగుకు రాలేదు’ అనే మాటను తీసుకోండి.

స్నేహితుల మధ్య ఇలా అంటారు: ఖోయ్ ఖమ్ యత్ మో లేయ్ హోయ్ వుయ్.

మేనేజరు ముందు లెక్కప్రకారం చెప్పాలంటే: ఖోయ్ చొక్ యత్ మో ఛోత్ చిక్ వుయ్ యీ.

మీటింగు నివేదికలో రాసేది, లేదా దాన్ని పైకి చదివేది: థా చొక్ యత్ ముత్ యవ్ ఛోత్ చిక్ వుయ్ యీ.

మొదటి వాక్యం నుంచి రెండోదానికి వచ్చేసరికి ఏం మారాయో చూడండి. ‘నిన్న’ అనే మాట మారింది. ‘వచ్చి మీటింగులో కూర్చోవడం’ పోయి ‘హాజరు కావడం’ వచ్చింది. మీటింగు ‘సమావేశం’ అయింది. కానీ ‘అతను’ అనే ఖోయ్ కదల్లేదు. ‘లేదు’ అనే మో కదల్లేదు. ఆ రెండూ మారేది మూడో వాక్యంలో, అంటే కాగితం మీద మాత్రమే.

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: మర్యాదగా మాట్లాడాలంటే నామవాచకాలనూ క్రియలనూ పైకెత్తండి, వ్యాకరణం పనిచేసే చిన్న మాటలను ఉన్నచోటే ఉండనివ్వండి. ఖోయ్, మ్, హై, కె, మో: ఈ ఐదూ ప్రధాన కార్యదర్శి నోటా అవే, చేపలమ్మే ఆమె నోటా అవే. వీటిని మార్చి పలికే సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రాసింది చూసి చదవడం, స్టేషనులో రికార్డు చేసిన ప్రకటన, పాట. కాంటనీస్ సినిమా పాటలూ పాప్ పాటలూ చాలావరకు రాత భాషలోనే ఉంటాయి. 1970లలో గాయకుడు సామ్ హుయి వీధి మాటలను పాటలోకి తెచ్చి జనాన్ని ఊపేశాడంటే, అంతకుముందు అలాంటి పాట ఎంత అరుదో ఊహించుకోండి. అందుకే పాటలతో కాంటనీస్ నేర్చుకోమని సలహా ఇచ్చేవాళ్లతో నేను ఏకీభవించను. చెవికి మంచిది. నోటికి మాత్రం థా, పత్, తిక్ అంటించి పోతుంది.

పైకెత్తడం ఎలా? దానికి ఒక దారి ఉంది. వీధి కాంటనీస్ క్రియలు చాలావరకు ఒంటి అక్షరాలు. మర్యాద పదాలు జంట అక్షరాలు. సాయం చేయడం వీధిలో పొంగ్, సభలో హిప్ చో. ఆలోచించడం వీధిలో నమ్, సభలో హావ్ లోయ్. కొనడం మాయ్, సభలో ఖవ్ మాయ్. అడగడం మన్, దాని బదులు కౌంటర్ల దగ్గరా హెల్ప్‌లైన్లలోనూ వినిపించేది ఛా సోన్. చెప్పడం వా, వార్తల్లో ఎవరేం చెప్పినా పియు సీ, అంటే ‘తెలియజేశారు’. కొత్త జంట పదం వినపడగానే దీని వెనక ఏ ఒంటి పదం ఉందని వెతికే అలవాటు చేసుకుంటే నెలరోజుల్లో వార్తలు విచ్చుకోవడం మొదలవుతుంది.

జంట పదాన్ని నోటి వ్యాకరణంలో ఎలా కూర్చాలో ఒక నమూనా. ఇల్లు అద్దెకు చూసి వచ్చారు, ఏజెంటు అప్పుడే సంతకం పెట్టమంటున్నాడు. ఙో సోయ్ యియు హావ్ లోయ్ హా, అనండి. ‘నేను కాస్త ఆలోచించుకోవాలి’ అని. హావ్ లోయ్ పెద్దమనిషి మాట, చివరి హా మాత్రం అచ్చమైన వీధి ప్రత్యయం, మాటను మెత్తబరిచేది. రెండూ ఒకే వాక్యంలో హాయిగా ఇముడుతాయి. పెద్ద పదం పక్కన వీధి ప్రత్యయం పెట్టాలంటే మొదట్లో మనకు బెరుకుగా ఉంటుంది, కానీ అక్కడివాళ్లు మాట్లాడేది అచ్చం అలాగే.

అయితే ఈ జంట పదాలకు దూరం పెంచే గుణం కూడా ఉంది. ఇల్లు మారుతూ స్నేహితుణ్ణి పెట్టెలు మోయమని అడిగేటప్పుడు హిప్ చో అనకూడదు, పొంగ్ అనాలి. పోలీసులు ఎవరినైనా తీసుకెళ్లినప్పుడు వార్తల్లో హిప్ చో తియు ఛా అంటారు, ‘దర్యాప్తుకు సహకరిస్తున్నారు’ అని. ఆ వాసన ఉన్న మాటతో స్నేహితుణ్ణి పిలిస్తే అతను మొహమాటపడి దూరం జరుగుతాడు. మర్యాద ఎక్కువైనా గాయమే అని తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. చనువున్న మనిషిని ఉన్నట్టుండి ‘మీరు’ అంటే ఏమవుతుందో మనకు తెలుసు.

‘మీరు’ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాన్ని ఇక్కడే తేల్చుకుందాం. తెలుగువాడు కాంటనీస్‌లో మొదట వెతికేది ‘మీరు’ను. అది దొరకదు. నేయ్ అంటే నువ్వూ అదే, మీరూ అదే. రాతలో గౌరవానికి వేరే అక్షరం ఉంది గానీ మామూలుగా దాన్నీ నేయ్ అనే పలుకుతారు. అమ్మమ్మనైనా కంపెనీ ఛైర్మన్‌నైనా నేయ్ అనేటప్పుడు మనకు గుండె జంకుతుంది. జంకక్కర్లేదు, గౌరవం మరో చోట దాక్కుని ఉంది.

అది ముఖ్యంగా మనుషులను లెక్కపెట్టే మాటలో ఉంది. మనిషిని కో అని లెక్కపెట్టడం మామూలు, వై అని లెక్కపెట్టడం మర్యాద. హోటల్లో అడుగు పెట్టగానే కేయ్ తో వై అని అడుగుతారు, ‘ఎంతమంది వచ్చారు’ అని. ఫోన్లో ‘ఎవరు’ అనడానికి పిన్ కో అంటే గదమాయించినట్టు, పిన్ వై అంటే ‘ఎవరండీ’ అన్నట్టు. సభలో నిలబడి అందరినీ కలిపి కొక్ వై అంటారు. మర్యాద కాంటనీస్‌లోకి అడుగు పెట్టేవాళ్లకు నేను మొదట ఇచ్చే పాఠం ఇదే: వారం పాటు మనుషుల దగ్గర కో మానేసి వై వాడండి. వేరే ఏ పదమూ ఇంత తక్కువ శ్రమకు ఇంత గౌరవం తెచ్చిపెట్టదు. ఒక్క జాగ్రత్త, మిమ్మల్ని మీరు వై అని లెక్కపెట్టుకోకూడదు.

రెండోది పిలుపు. నేయ్ అనే మాటను తగ్గించి దాని చోట పేరూ హోదా వాడతారు. ఇంటిపేరుకు సాంగ్ చేరిస్తే ‘గారు’ అవుతుంది: ఛన్ సాంగ్ అంటే ఛన్ గారు. పెళ్లయిన ఆమెకు థాయ్, లేదంటే సియు చె. డాక్టరును యీ సంగ్ అంటారు. మగ టీచరునూ పోలీసునూ సర్ అంటారు, పోలీసైతే ఆ సర్. స్నేహితుడి తండ్రిని సై పాక్ అనీ, తల్లిని పాక్ మో అనీ పిలవడం పెద్దవాళ్లకు ఎంతో నచ్చుతుంది. బాబాయిగారూ, పిన్నిగారూ అని పరాయివాళ్లను కూడా వరస కలిపి పిలిచే మనకు ఇది ఒంటబట్టడం కష్టమేం కాదు. కన్నతండ్రిని స్నేహితుల ముందు లో తవ్ అనుకోవచ్చు. దరఖాస్తులోనూ ప్రసంగంలోనూ ఫూ ఛన్ అనాలి. తల్లికి ఆ వరసలోనే లో మో అనే మాట వినిపిస్తుంది, దాని జోలికి పోకండి. అది బూతుకు మరీ దగ్గర. మో ఛన్ అనండి, లేదా మామూలుగా మా మా అనండి.

మూడోది క్వై అనే ముందుమాట. ఎదుటివారి కంపెనీ క్వై కుంగ్ సీ, ‘తమ సంస్థ’ అన్నట్టు. మన కంపెనీని మామూలుగా ఙో తేయ్ కుంగ్ సీ అనొచ్చు, లాంఛనంగా పూన్ కుంగ్ సీ అనొచ్చు. ‘తమ పేరు’ అడగడానికి ఛింగ్ మన్ క్వై సింగ్ అంటారు. ఇక్కడ తెలుగువాళ్లకు రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఆ ప్రశ్న అడిగేది ఇంటిపేరును మాత్రమే. మనం ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెట్టుకుని సొంత పేరు చెప్పే అలవాటున్నవాళ్లం. మీ హాంకాంగ్ గుర్తింపు కార్డులో ఇంటిపేరు స్థానంలో ఏది ఉందో దాన్నే చెప్పండి, లేకపోతే ఆస్పత్రిలో మీ ఫైలు దొరకదు. రెండోది, జవాబులో క్వై ఉండకూడదు. ఙో సింగ్ అని మొదలుపెట్టి పేరు చెప్పాలి. ఙో క్వై సింగ్ అంటే ‘నా శుభనామధేయం గారు’ అన్నట్టవుతుంది.

ఛింగ్ మన్‌లోని ఛింగ్‌ను గమనించారా? ఆ అక్షరానికి ఇంకో పలుకు ఉంది: ఛెంగ్. సెలవు పెట్టడం ఛెంగ్ కా, విందుకు పిలవడం ఛెంగ్, ‘దయచేసి’ అని అభ్యర్థించడం ఛింగ్. ఒకే అక్షరానికి ఇలా చదువుకున్న పలుకు, ఇంటి పలుకు అని రెండు ఉండటం కాంటనీస్‌లో ఒక పెద్ద సంగతి, పాఠ్యపుస్తకాలు దాన్ని రెండు ముక్కల్లో ముగించేస్తాయి. ఇంటి పలుకులో ఎ, చదువు పలుకులో ఇ రావడం తరచుగా కనిపించే దారి. పేరు ఇంట్లో మెంగ్, దరఖాస్తు మీద సింగ్ మింగ్. సంతకం మామూలుగా ఛిమ్ మెంగ్, ఒప్పంద పత్రం మీద అది ఛిమ్ ఛ్యూ అనే వేరే మాట అవుతుంది. ప్రాణం ఇంటి మాటగా థియు మెంగ్, ప్రసంగంలో సంగ్ మింగ్. కొత్త పదంలో ఇంగ్ వినపడితే దానికి ఎంగ్ జత ఉందేమో నిఘంటువులో చూడండి. తెలిసిన అక్షరమే ముసుగేసుకుని వచ్చిందని తేలడం ఎన్నోసార్లు జరుగుతుంది.

ఇక రోజువారీ సందర్భాలు. ఉద్యోగం మాటలు ముందు నేర్చుకోండి, అన్నం పెట్టేవి అవే. ఇంటర్వ్యూకు వెళ్లడం స్నేహితుల మధ్య కిన్ కుంగ్, కంపెనీ పంపే ఉత్తరంలో మిన్ సీ. పని చేయడం చో యె, ఇంటర్వ్యూలో కుంగ్ చొక్. జీతం తోటివాళ్లతో యన్ కుంగ్, మేనేజరుతో సన్ కమ్. యజమాని నోట లో సై, ఒప్పందంలో కూ చ్యూ. పనిలోంచి తీసేయడాన్ని వీధిలో ఛావ్ యవ్ యూ అంటారు, ‘స్క్విడ్ వేయించడం’ అని. కాగితం మీద కాయ్ కూ. పాత కంపెనీలో ఏం చేసేవారని అడిగితే ఙో చీ ఛిన్ ఫూ చాక్ అని మొదలుపెట్టి మీ పని పేరు చెప్పండి. ‘ఇదివరకు నా బాధ్యత ఇది’ అని అర్థం. ఫూ చాక్ అనే ఆ ఒక్క మాట వినగానే ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముఖం మారుతుంది.

హాంకాంగ్ ఆఫీసుల్లో కాంటనీస్ మధ్య ఇంగ్లీషు విరివిగా దొర్లుతుంది. ఈమెయిలు, బుక్ చేయడం, ఓటీ, ఫైలు అన్నీ అలాగే అనేస్తారు, అందులో చిన్నతనం లేదు. పై అధికారుల ముందు ప్రెజెంటేషన్ ఇచ్చేటప్పుడు మాత్రం అదే వరసలో చైనీసు మాటలే వస్తాయి: తిన్ యవ్, యూ యోక్, ఛియు సీ కుంగ్ చొక్, మన్ కిన్. ఫోన్ చేయడం తా తిన్ వా. కస్టమర్లకు పంపే ప్రకటనలో చీ తిన్. మనకు ఇంగ్లీషు వచ్చు కదా అని ఆ చైనీసు మాటలు నేర్చుకోకుండా వదిలేస్తే, ప్రెజెంటేషన్ రోజున పక్కనున్నవాళ్లు ఏమంటున్నారో తెలియదు.

డబ్బు, టైము దగ్గర తేడా మరీ గట్టిగా ఉంటుంది. డాలరు సంతలో మన్, బ్యాంకులోనూ వార్తల్లోనూ యున్. టైము చెప్పేటప్పుడు వీధిలో ఐదేసి నిమిషాలను చీ అని లెక్కపెడతారు. గడియారం పెద్ద ముల్లు మూడు మీద ఉంటే సామ్ కో చీ, అంటే పదిహేను నిమిషాలు. మూడుంపావుకు సామ్ తిమ్ సామ్. భవన నిర్మాణ కార్మికులు ఆ వేళకు టీ తాగుతారు కాబట్టి ఆ టీకే సామ్ తిమ్ సామ్ అని పేరు పడింది. తెలియనివాడు అది విని మూడు గంటల మూడు నిమిషాలు అనుకుంటాడు. లాంఛనంగా చెప్పాలంటే తిమ్ పోయి సీ వస్తుంది, నిమిషాలు నిమిషాలుగానే పలుకుతాయి: సామ్ సీ సప్ ఙ్ ఫన్. మధ్యాహ్నం కూడా వీధిలో హా చవ్, అపాయింట్‌మెంట్ కాగితంలో హా ఙ్.

పోలీసు అనడానికి వెనకాల ఛాయ్ యన్ అంటారు, కాస్త మొరటుగా ఛాయ్ లో. ఫిర్యాదు చేసేటప్పుడు కింగ్ ఛాత్. వార్తల్లో వ్యవస్థ మొత్తాన్నీ కలిపి కింగ్ ఫొంగ్. ఎదురుగా ఉన్నప్పుడు ఆ సర్. కోర్టులో జడ్జిని ఫాత్ కూన్ కొక్ హా అనాలి. సాక్షిగా పిలుపు వస్తే ఇది రాసుకుని వెళ్లండి. మిగతా వాక్యం ఎంత మామూలుగా ఉన్నా ఫరవాలేదు.

డాక్టరు దగ్గర మాత్రం నా సలహా వేరు. అక్కడ పెద్ద పదాలు వాడకండి. విరేచనాలకు ఫుక్ సె అనే మాట కరపత్రాల్లో ఉంటుంది, నోట మాత్రం థో ఓ అనే అంటారు. డాక్టరు కూడా ఆ మాటతోనే అడుగుతాడు. నొప్పి ఉన్నవాడు పుస్తకం మాట వెతుక్కుంటూ కూర్చుంటే ఆలస్యం, అపార్థం తప్ప ఒరిగేదేమీ లేదు. పెద్ద పదాలు చదవడానికి మాత్రం కావాలి: మందు వేసుకోవడం నోట సిక్ యోక్, మందు సంచి మీద ఫుక్ యోక్. భోజనం తర్వాత వేసుకోమని రాసి ఉందా, ముందా అనేది ఆ చీటీలోనే ఉంటుంది. బోర్డులూ అంతే. పొగ తాగడాన్ని నోట సిక్ యిన్, ‘పొగ తినడం’ అంటారు. గోడ మీద ఛింగ్ మత్ ఖప్ యిన్ అని ఉంటుంది. ఛింగ్ మత్ కనబడితే ఏదో చేయవద్దంటున్నారని అర్థం. మీరు మనిషితో చెప్పేటప్పుడు మ్ హో అనాలి, మత్ అనకూడదు.

చావు మాటల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. సేయ్ అంటే చావడం. జంతువుకు, ఫోను బ్యాటరీకి సరిపోతుంది గానీ ఒకరి ఇంటి మనిషిని ఆ మాట అనకూడదు. క్వో సన్ అనండి, పెద్దా చిన్నా అందరికీ అది తగినది. సై సై అనేది ప్రముఖుల మరణవార్తలో వినిపించే మాట, సంతాప ప్రకటనలో రాసేది. అంత్యక్రియలకు వెళితే ఆ కుటుంబంతో చిత్ ఒయ్ సోన్ పిన్ అనొచ్చు, దుఃఖాన్ని అదుపు చేసుకోమనే నాలుగు అక్షరాల పాత మాట. దాన్ని విడదీయకుండా మంత్రంలా నేర్చుకోండి. వాళ్లు యవ్ సమ్ అంటారు, ‘మీకు మంచి మనసుంది’ అని. ఆ తర్వాత మాట పెంచక్కర్లేదు. కొత్త సంవత్సరపు దీవెనలు కూడా ఇలాంటి నాలుగక్షరాల మాటలే. పక్కా సాహిత్య భాషే అయినా పసిపిల్లలు కూడా డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవరు కోసం గడగడ అప్పజెబుతారు. భయం లేకుండా మొదలుపెట్టడానికి అవి మంచివి.

వాక్యం చివర వచ్చే ఆ, లా, లో, వో లాంటి చిన్న శబ్దాల సంగతి. మర్యాదగా మాట్లాడాలంటే వీటిని తీసేయాలని కొందరు బోధిస్తారు. సగమే నిజం. విసుగు, అలక, వెటకారం పలికించే లో, వో లాంటివి మీటింగులో తగ్గించాలి. ప్రశ్న చివరి ఆ తీసేస్తే మాత్రం మాట మొరటుబారుతుంది, దర్యాప్తు అధికారి అడిగినట్టు ఉంటుంది. దాన్ని ఉంచండి.

రాతలోనూ ఒకే సూత్రం నడవదు. సహోద్యోగులకు వాట్సాప్‌లో నోటి కాంటనీసే రాస్తారు, ఖోయ్, మ్, కె అన్నీ ఉంటాయి. ఈమెయిలు, దరఖాస్తు, బడికి సెలవు చీటీ ప్రామాణిక చైనీసులో ఉండాలి. అక్కడ థా, పత్, తిక్ వాటి సొంత ఇంట్లో ఉన్నట్టు. హాంకాంగ్, మకావు దాటి గ్వాంగ్‌జౌ వెళితే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ కాంటనీస్ ఇళ్లలోనూ వీధుల్లోనూ బతికే ఉంది, లాంఛనమైన పనులు మాత్రం ఎక్కువగా మాండరిన్‌లో జరుగుతాయి.

నేర్చుకునే పద్ధతి. నోటుపుస్తకంలో పేజీని మూడు నిలువు గళ్లుగా చేయండి: వీధి, సభ, కాగితం. మర్యాద పదాన్ని ఒంటరిగా ఎప్పుడూ రాసుకోవద్దు, పక్కన వీధి జత లేకపోతే అది మీకు పనికిరాదు. కొన్ని వరసల్లో రెండో గడికీ మూడో గడికీ ఒకే మాట వస్తుంది, ఛోత్ చిక్ లాగా. కొన్నిటిలో మొదటి రెండూ ఒకటే, మో లాగా. ఆ గళ్లు నిండుతున్న కొద్దీ ఏది కదులుతుందో, ఏది కదలదో చేతికే తెలుస్తుంది. అంశం వారీగా వెళ్లండి. ఇల్లు మారే నెలలో ఇంటి మాటలు, ఇంటర్వ్యూల నెలలో ఉద్యోగం మాటలు.

చెవికి ఆర్టీహెచ్‌కే వార్తలు పెట్టుకోండి, 1928 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ప్రసార సంస్థ అది. వార్తను కాంటనీస్‌లో వినొచ్చు, దాని వెబ్‌సైటులో రాత చైనీసులో చదవొచ్చు. ఒకటే వార్త, రెండో గడి చెవికి, మూడో గడి కంటికి. దీనికంటే మంచి పాఠశాల హాంకాంగ్ శాసనసభ. సభ్యులు కాంటనీస్‌లో వాదించుకునే వీడియోలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, అదే చర్చ అధికార నివేదికలో రాత చైనీసుగా అచ్చవుతుంది. రెండు నిమిషాల ముక్క తీసుకుని వాక్యం వెంట వాక్యం సరిపోల్చండి. కోపం వచ్చినప్పుడు సభ్యుడు రెండో గడి నుంచి మొదటి గడిలోకి ఎప్పుడు దూకాడో కూడా దొరుకుతుంది, అప్పుడు భాష ఎంత సజీవంగా ఉంటుందో చూడండి. నిఘంటువు కావాలంటే వర్డ్స్ డాట్ హెచ్‌కే అనే ఉచిత నిఘంటువు ఉంది, చాలా పదాల దగ్గర ఇది నోటిమాటా రాతమాటా అని గుర్తు పెట్టారు. ఆ గుర్తు లేని పదకోశంతో మర్యాద పదాలు నేర్చుకోవద్దని గట్టిగా చెబుతాను.

నిఘంటువు కంటే దగ్గరగా మనుషులున్నారు. మీరు పెద్ద పదం తడబడుతూ పలకగానే ఎదుటివాళ్లు జాలిపడి ఇంగ్లీషులోకి మారతారు. మారనివ్వకండి. ఙో హొక్ కన్ క్వొంగ్ తుంగ్ వా అనండి, ‘నేను కాంటనీస్ నేర్చుకుంటున్నాను’ అని. ఆ వెంటనే మీరు పలికిన మాటను చూపించి ఇలా అడగండి: నీ కో చీ హై హవ్ యూ తింగ్ ష్యూ మిన్ యూ ఆ? ‘ఈ మాట నోటిదా, రాతదా?’ లిఫ్టులో వాచ్‌మన్‌ను అడగండి, లైబ్రరీ కౌంటరులో అడగండి, మీ పిల్లల టీచరును అడగండి. జవాబు ఒక్క పదంలో రాదు. ‘మేం ఇలా అనం, అమ్మతో అయితే ఇలా, బాసుతో అయితే ఇలా’ అని మొదలుపెట్టి నాలుగైదు వాక్యాలు చెబుతారు. పుస్తకం జేబులో పెట్టుకుని తిరగండి, అక్కడికక్కడే మూడు గళ్లూ నింపుకోవచ్చు.